ఎక్స్‌రే గదిలో జాగ్రత్త: రేడియోగ్రాఫర్లకు తెలిసింది ఎంత, చేసేది ఎంత

ఎక్స్‌రే గది తలుపు మీద పసుపు రంగు కాగితంపై మూడు రెక్కల గుర్తు ఉంటుంది. తలుపు పైన ఎర్ర లైటు ఉంటుంది. పక్కనే 'గర్భిణులు ముందుగా చెప్పాలి' అని రాసిన బోర్డు ఉండాలి. ఈ మూడూ ఉన్నాయా లేవా అని చూసి లోపలికి వెళ్లేవాళ్లు మనలో చాలా తక్కువ. చీటీ ఇస్తాం, నిలబడమన్న చోట నిలబడతాం, ఊపిరి ఆపమంటే ఆపుతాం, బయటికి వచ్చేస్తాం. ఆ కాస్త సమయంలో మన ఒంటి మీద ఎంత రేడియేషన్ పడాలి, ఎంత మేర పడాలి అన్నది చేతల్లో తేల్చేది డాక్టరు కాదు, మిషను దగ్గర ఉన్న మనిషి. పుస్తకాల్లో ఆయన పేరు రేడియోగ్రాఫర్. మన ఊళ్లలో ఎక్స్‌రే టెక్నీషియన్, స్కానింగ్ భాయ్.

ఈ పని చేసేవాళ్లకు నియమాలు తెలియవా? మామూలుగా తెలుసు. డి.ఎం.ఐ.టి. డిప్లొమాలోనూ, బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీలోనూ రేడియేషన్ రక్షణ ఒక సబ్జెక్టు, రాసి పాసైతేనే సర్టిఫికెట్. అయినా చాలా దేశాల్లో రేడియోగ్రాఫర్ల మీద జరిగిన సర్వేల్లో మళ్లీ మళ్లీ కనిపించే విషయం ఒకటుంది. 'రేడియేషన్ భద్రత ముఖ్యమేనా?' అంటే దాదాపు అందరూ అవునంటారు. 'నిన్న డ్యూటీలో బ్యాడ్జి పెట్టుకున్నారా, ఆప్రాన్ వేసుకున్నారా, కిరణం పడే మేరను తగ్గించారా?' అని అడిగితే ఆ అవును సన్నబడిపోతుంది. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఉన్న ఈ దూరం గురించే ఈ వ్యాసం. ఆ దూరం పెరగడంలోనూ తగ్గడంలోనూ రోగుల కుటుంబాలకు, అంటే మనకు కూడా, వాటా ఉంది.

ముందు లెక్క తెలియాలి

భయపడాల్సిన చోట ధైర్యంగా ఉండి, ధైర్యంగా ఉండాల్సిన చోట భయపడటం మనకు అలవాటు. అందుకే కొన్ని అంకెలు. రేడియేషన్ డోసును మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. మనం ఏ ఆసుపత్రికీ వెళ్లకపోయినా నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు మన మీద పడుతూనే ఉంటుంది. సరిగ్గా తీసిన ఒక ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.02. అంటే మూడు రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. తల సీటీ స్కానుకు సుమారు 2, కడుపు సీటీ స్కానుకు సుమారు 8. ఒక్క కడుపు సీటీ నాలుగు వందల ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నమాట. అల్ట్రాసౌండ్, ఎమ్మారై స్కాన్లలో ఈ రకం రేడియేషన్ అసలు లేదు. 'ఎమ్మారై వద్దు, రేడియేషన్ ఎక్కువ' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు, అది తప్పు.

ఇంకో మాట. ఎక్స్‌రే మిషను స్విచ్చు వదలగానే కిరణం ఆగిపోతుంది. గదిలో మిగలదు, గోడలకు అంటుకోదు, రోగి ఒంట్లో నిలవ ఉండదు. ఎక్స్‌రే తీయించుకొచ్చిన తల్లి బిడ్డకు పాలివ్వచ్చు. ఈ సంగతి ప్రతి టెక్నీషియన్‌కూ తెలుసు. అయినా అడిగితే విసుక్కుంటాడు తప్ప విడమరిచి చెప్పడు, ఎందుకంటే బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉంటారు.

మరి ఇంత తక్కువ డోసుకు ఇంత హడావుడి ఎందుకు? ఒక మనిషికి ఒక్క ఎక్స్‌రే అయితే నిజంగానే పెద్ద విషయం కాదు. లక్షల మందికి, అందులోనూ పిల్లలకు, అవసరం లేని డోసు కలుపుకుంటూ పోతే లెక్క మారుతుంది. 2012లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ పిల్లల మీద పెద్ద పరిశోధన వచ్చింది. పదేళ్ల లోపు పిల్లలకు తీసిన ప్రతి 10,000 తల సీటీ స్కాన్లకు, తర్వాతి పదేళ్లలో, మామూలుగా వచ్చేవాటికి మించి ఒక బ్లడ్ క్యాన్సర్, ఒక మెదడు కణితి రావచ్చని దాని అంచనా. పదివేలలో ఒకటి చిన్న అంకె. తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడికి స్కాను తీయకపోతే ఉండే ప్రమాదం దానికంటే చాలా పెద్దది. కానీ అవసరం లేకుండా తీసిన స్కానుకు ఆ చిన్న అంకె కూడా దండగ ఖర్చే.

వేళ్లు పోగొట్టుకున్న మొదటి తరం

1895 నవంబరులో జర్మనీలో రాంట్జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టాడు. ఏడాది తిరగకుండానే ప్రపంచమంతా వాటి వెంట పడింది. మిషను బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి అప్పటి పనివాళ్లు తమ చేతినే కిరణాల ముందు పెట్టేవాళ్లు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు తీసేయాల్సి వచ్చింది, 1904లో క్యాన్సర్‌తో చనిపోయాడు. డాలీకి జరిగింది చూసి ఎడిసన్ ఎక్స్‌రే పనే మానేశాడు. జర్మనీలోని హాంబర్గ్‌లో 1936లో ఒక స్మారక స్తంభం నిలిపారు. ఎక్స్‌రే, రేడియం పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న 169 మంది పేర్లు మొదట దాని మీద చెక్కారు, తర్వాత ఇంకా చాలా పేర్లు చేరాయి.

అప్పట్లో ప్రమాదం కంటికి కనిపించేది. చర్మం ఎర్రబడేది, గోళ్లు ఊడేవి. ఇప్పటి మిషన్లతో అలా జరగదు. అది మంచిదే, కానీ అజాగ్రత్త మొదలయ్యేది కూడా అక్కడే. పదేళ్లుగా ఆప్రాన్ లేకుండా పనిచేసిన సీనియర్‌కు ఏమీ కాలేదని కళ్లారా చూసిన కుర్రాడు, క్లాసులో విన్న పాఠాన్ని ఎందుకు నమ్మాలి?

మన దేశంలో రూలు ఏమిటి

ఈ విషయం చూసేది ఏ.ఇ.ఆర్.బి., అంటే అణుశక్తి నియంత్రణ మండలి. 1983లో ఏర్పడింది. 1962 అణుశక్తి చట్టం, 2004 రేడియేషన్ రక్షణ నియమాల కింద ఇది పనిచేస్తూ వచ్చింది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి అయినా, మండల కేంద్రంలో మెడికల్ షాపు వెనక ఉన్న చిన్న ఎక్స్‌రే గది అయినా దీని లైసెన్సు ఉండాలి. లైసెన్సు కాలం ఐదేళ్లు. దరఖాస్తు 'ఈ-లోరా' అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో చేసుకోవాలి. మిషనుకు రెండేళ్లకోసారి క్వాలిటీ పరీక్ష చేయించాలి. రేడియేషన్ భద్రతకు బాధ్యుడిగా ఒక అధికారి ఉండాలి. పనిచేసేవాళ్లకు డోసు కొలిచే బ్యాడ్జీలు, సీసం ఆప్రాన్లు యజమానే ఇవ్వాలి.

పనిచేసేవాళ్ల డోసుకు హద్దు ఉంది. ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్టులు, అంటే ఏడాదికి సగటున 20. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ గది పక్కన నడిచే మామూలు జనానికి ఏడాదికి 1. మరి రోగికి? రోగికి హద్దు లేదు. వైద్యానికి ఎంత కావాలో అంత వాడాల్సి వస్తుంది కాబట్టి పెట్టలేదు. అంకె లేనిచోట రోగిని కాపాడేవి రెండే: పరీక్ష అవసరమా అని డాక్టరు ఆలోచించడం, ఆ పరీక్షను వీలైనంత తక్కువ డోసుతో రేడియోగ్రాఫర్ తీయడం. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకు అర్థమైన భాషలో చెప్తాను. ఉద్యోగి ఖాతాకు లిమిట్ ఉంది, మూడు నెలలకోసారి ఆడిట్ ఉంది. రోగి ఖాతాకు లిమిటూ లేదు, పాస్‌బుక్కూ లేదు. అంతా రాసేవాడి నిజాయితీ మీదే నడుస్తుంది.

బ్యాడ్జి కథ

టి.ఎల్.డి. బ్యాడ్జి అగ్గిపెట్టెను కాస్త పెద్దది చేసినట్టు ఉండే ప్లాస్టిక్ డబ్బా. లోపలి కార్డులో డిస్‌ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి. వాటి మీద పడిన రేడియేషన్ శక్తి అందులోనే నిలవ ఉంటుంది. ల్యాబులో వేడిచేస్తే ఆ శక్తి వెలుతురుగా బయటికొస్తుంది. ఎంత వెలుతురు వస్తే అంత డోసు. మూడు నెలలకోసారి కార్డు మారుస్తారు. ఆ లెక్క ముంబైలో బాబా అణు పరిశోధనా కేంద్రం నడిపే జాతీయ రిజిస్టరులోకి వెళ్తుంది. ఉద్యోగి ఊరు మారినా, ఆసుపత్రి మారినా ఆ లెక్క అతని వెంటే వస్తుంది.

దాన్ని ఛాతీ దగ్గర, ఆప్రాన్ వేసుకుంటే ఆప్రాన్ కింద పెట్టుకోవాలి. జరిగేది వేరు. సొరుగులో పెట్టి తాళం వేస్తారు, తనిఖీ ఉందంటే తీస్తారు. ఆప్రాన్‌కే తగిలించి ఎక్స్‌రే గదిలో వదిలేస్తారు. అప్పుడు మనిషి ఇంట్లో ఉన్నా రెండో షిఫ్టు ఎక్స్‌రేలన్నీ అతని పేరు మీద ఎక్కుతాయి. చొక్కాతో పాటు ఉతికేసినవీ ఉంటాయి. కొత్తగా చేరినవాడికి బ్యాడ్జి తెప్పించకుండా, మానేసినవాడి బ్యాడ్జి ఇచ్చి సర్దుకోమనే సెంటర్లూ ఉంటాయి. ఇలా చేస్తే బ్యాడ్జి చూపే అంకెకు అర్థం ఉండదు. సున్నా వచ్చిందంటే నిజంగా డోసు పడలేదా, బ్యాడ్జి సొరుగులో పడుకుందా అని ఎవరు చెప్పగలరు? రేపు ఆ ఉద్యోగికి ఏదైనా జబ్బు చేసి నష్టపరిహారం అడగాల్సి వస్తే, తన చేతిలో ఉండాల్సిన ఒకే ఒక్క కాగితం ఖాళీగా ఉంటుంది.

ఆప్రాన్‌దీ ఇదే కథ. దానికి కనీసం 0.25 మిల్లీమీటర్ల సీసంతో సమానమైన అడ్డు ఉండాలి. బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది, ఎండాకాలంలో వేసుకుంటే చెమటలు. వాడాక హ్యాంగరుకు వేలాడదీయాలి. మడతపెట్టి బల్ల కింద పడేస్తే లోపలి పొర పగిలిపోతుంది. బయటికి ఆప్రాన్ బాగానే కనిపిస్తుంది, పగులు దగ్గర మాత్రం కిరణం దారి చేసుకుంటుంది. అందుకే అప్పుడప్పుడు ఆప్రాన్‌కే ఎక్స్‌రే తీసి చూడాలి. ఎంత మంది చూస్తారు!

పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు వార్డులో అడ్డుగోడ ఉండదు, దూరమే గోడ. కిరణం వచ్చే చోటి నుంచి దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే స్విచ్చు తీగ పొడుగ్గా, కనీసం రెండు మీటర్లు ఉంటుంది. చుట్ట విప్పి దూరంగా నిలబడటానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు ఆదా చేసుకుని మిషను పక్కనే నిలబడి నొక్కేవాళ్లను ఏ ఐసీయూలోనైనా చూడొచ్చు. పక్క మంచం రోగి సంగతి, అతని దగ్గర కూర్చున్న మనిషి సంగతి సరేసరి.

డిజిటల్ వచ్చాక మారిన అలవాటు

ఇది బయటివాళ్లకు తెలియని సంగతి, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది. పాత ఫిల్ముల కాలంలో డోసు ఎక్కువైతే ఫిల్ము నల్లబడిపోయేది. డాక్టరు తిట్టేవాడు. అంటే తప్పు చేసిన గంటలోపే బయటపడేది. డిజిటల్‌లో అలా కాదు. డోసు ఎక్కువ ఇచ్చినా కంప్యూటరు సర్దేసి చక్కటి బొమ్మ చూపిస్తుంది. తక్కువ ఇస్తే మాత్రం బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా వస్తుంది, డాక్టరు మళ్లీ తీయమంటాడు. మరి టెక్నీషియన్ ఎటు మొగ్గుతాడు? తక్కువిస్తే తిట్లు, ఎక్కువిస్తే మెప్పు. నెలలు గడిచేకొద్దీ సెట్టింగులు మెల్లగా పైకి పాకుతాయి. చెడ్డవాడై కాదు, ఆ ఏర్పాటే అలా నేర్పిస్తుంది. డోసు ఇలా పాకడం ప్రపంచమంతా నమోదైన విషయమే.

దీన్ని పట్టుకోవడానికి ప్రతి డిజిటల్ బొమ్మ పక్కన ఒక అంకె వస్తుంది. డోసు సరిపోతే సున్నా దగ్గర ఉంటుంది. ప్లస్ మూడు అంటే కావలసినదానికి రెట్టింపు, మైనస్ మూడు అంటే సగం. కొన్ని కంపెనీల మిషన్లలో లెక్క వేరేగా, ఒకదాంట్లోనైతే తలకిందులుగా కూడా ఉంటుంది. ఒక సెంటర్‌లో పనిచేసి ఇంకో సెంటర్‌కు మారినవాడు తికమకపడటానికి అదో కారణం. ఆ అంకె చూసే అలవాటున్న రేడియోగ్రాఫర్‌కూ, చూడనివాడికీ మధ్య తేడా రోగికి ఏ రిపోర్టులోనూ కనిపించదు.

ఇంకో అలవాటు కత్తిరింపు. మిషనులో కిరణం పడే మేరను చిన్నది చేసే పలకలు ఉంటాయి. మణికట్టు ఎక్స్‌రేకు మణికట్టు వరకే వెలుతురు పడేలా దగ్గరికి తేవాలి. దానికి ఓపిక కావాలి. కొందరు పెద్దగా తెరిచి తీసేసి, తర్వాత కంప్యూటరులో బొమ్మను కత్తిరించి పంపుతారు. డాక్టరు చేతికి శుభ్రమైన బొమ్మ వెళ్తుంది. కత్తిరించిన భాగం మీద పడిన రేడియేషన్ మాత్రం ఒంటి మీద పడిపోయింది. పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రేలో పొట్ట, తొడలు, పట్టుకున్న దాదీ వేళ్లు కూడా కనిపిస్తే, ఆ పలకలు దగ్గరికి తేలేదని అర్థం.

సీటీలో తప్పు జరిగితే దాని పరిమాణం వేరు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో సీడర్స్ సైనాయ్ ఆసుపత్రిలో 2008 నుంచి 2009 దాకా, దాదాపు పద్దెనిమిది నెలలు, పక్షవాతం అనుమానంతో మెదడు స్కాను తీయించుకున్న 206 మందికి ఉండాల్సినదానికి ఎనిమిది రెట్ల డోసు పడింది. మిషను సెట్టింగు మార్చినప్పుడు జరిగిన పొరపాటు అది. ఒక రోగికి జుట్టు ఊడి ఫిర్యాదు చేస్తే గానీ బయటపడలేదు. ప్రతి స్కానుకూ డోసు అంకె తెర మీద వస్తూనే ఉంది. అన్ని నెలలూ, అంత పేరున్న ఆసుపత్రిలో, దాన్ని చూసి ఇదేమిటని ఎవరూ అడగలేదు.

ఎందుకు ఇలా

రద్దీ మొదటి కారణం. ఒక మనిషి రోజుకు వంద మందికి తీయాల్సిన చోట, ప్రతి ఒక్కరి దగ్గరా పలకలు సర్దడం, గర్భం గురించి అడగడం, ఆప్రాన్ తొడగడం ఎంత వరకు సాధ్యం? రెండోది యజమాని. బ్యాడ్జీల ఖర్చు, క్వాలిటీ పరీక్ష ఖర్చు, రెండో టెక్నీషియన్ జీతం లెక్క పుస్తకంలో ఖర్చు వైపే ఉంటాయి, ఆదాయం వైపు కనిపించవు. చిన్న సెంటర్లలో చదువు లేని కాంపౌండరే మిషను నడపడం కూడా ఇందులోంచి వచ్చిందే. మూడోది పెద్దరికం. డాక్టరు చీటీ రాశాక 'సార్, ఇదే ఎక్స్‌రే నాలుగు రోజుల కింద తీశాం కదా' అని డిప్లొమా కుర్రాడు అడగలేడు. అడిగితే ఉద్యోగం ఉంటుందో లేదో.

నాలుగోది తోటివాళ్లు. రేడియోగ్రాఫర్ల ప్రవర్తన మీద జరిగిన అధ్యయనాలు గట్టిగా చెప్పేది ఇదే. మనిషి ఎంత చదివాడన్నదాని కంటే, తన డిపార్ట్‌మెంటులో మిగతావాళ్లు ఏం చేస్తున్నారు, పైవాడు దేన్ని పట్టించుకుంటాడు అన్నదే అతని చేతలను నడిపిస్తుంది. ఆప్రాన్ వేసుకున్నవాణ్ణి 'భయస్థుడు' అని నవ్వే చోట మూడో వారానికి ఎవరూ వేసుకోరు. హెడ్ టెక్నీషియన్ పొద్దున్నే తన బ్యాడ్జి తగిలించుకునే చోట అందరూ తగిలించుకుంటారు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో భయం ఉంది. ఎక్స్‌రే డిపార్ట్‌మెంటులో చేసేవాళ్లకు పిల్లలు పుట్టరని సంబంధాలు చూసేటప్పుడు ఇప్పటికీ గుసగుసలు వినిపిస్తాయి. నియమాలు పాటించి పనిచేసేవాళ్లకు పడే డోసుతో అలా జరగదు, దానికి కావలసిన డోసు ఎన్నో రెట్లు పెద్దది.

'నెల ఎప్పుడు వచ్చింది?' అని అడగకపోవడం

ఇక మన ఇళ్లకు నేరుగా తగిలే విషయం. పిల్లలు కనే వయసున్న ఏ స్త్రీకైనా పొట్ట, నడుము ప్రాంతానికి ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీసే ముందు గర్భం ఉందేమో అడగాలి. నియమం అది. అడగాల్సిన టెక్నీషియన్ మగవాడు, ఎదురుగా బురఖాలో ఉన్న కొత్త కోడలు, పక్కన అత్తగారు. ఆయన సిగ్గుపడి అడగడు. అడిగినా అత్తగారే 'లేదు లేదు' అనేస్తుంది. ఒకవేళ ఆ అమ్మాయికి పదిరోజులు దాటిపోయి ఉన్నా, అందరి ముందూ ఎలా చెప్తుంది? మర్యాద పేరుతో రెండు వైపులా మౌనం.

పద్ధతి తెలిసిన రేడియోగ్రాఫర్ ఈ ప్రశ్నను వేరేగా అడుగుతాడు. అమ్మాయిని ఒక్కదాన్నే, మహిళా నర్సు చేత, లేదా ఒక కాగితం మీద టిక్కు పెట్టమని. అలా అడగకపోతే మనమే లోపలికి వెళ్లే ముందు చెప్పడం మేలు: 'నాకు తేదీ దాటింది' అన్న మూడు మాటలు చాలు. చెప్పినంత మాత్రాన ఎక్స్‌రే ఆగిపోదు. అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందేమో చూస్తారు, వాయిదా వేస్తారు, తప్పదంటే డోసు తగ్గించి తీస్తారు.

తెలియకుండా తీసేశాక గర్భం బయటపడితే? ఇక్కడ ఇళ్లలో జరిగే తొందరపాటు ఎక్స్‌రే కంటే ఎక్కువ హాని చేస్తుంది. గర్భం తీయించేయాలని ఎవరో అంటారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2000లో స్పష్టంగా చెప్పింది: కడుపులో బిడ్డకు పడిన డోసు 100 మిల్లీగ్రేల లోపు అయితే దాన్ని కారణంగా చూపి గర్భం తీయించకూడదు. తల్లి ఛాతీ ఎక్స్‌రేతో బిడ్డకు పడేది 0.01 మిల్లీగ్రే కంటే తక్కువ. పొట్ట ఎక్స్‌రేకు సగటున 1.4. నడుము కింది భాగం సీటీకి సగటున 25. ఏదీ వంద దగ్గరికి రావడం లేదు. చేయాల్సింది, ఏ పరీక్ష, ఏ తేదీ, ఎన్నిసార్లు అన్నది ఆ సెంటర్ నుంచి రాయించుకుని గైనకాలజిస్టుకు చూపించడం. బిడ్డకు పడిన డోసు లెక్క వేయగల మెడికల్ ఫిజిసిస్టులు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉంటారు.

గల్ఫ్ మెడికల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు గామ్కా అనేవాళ్లు, ఇప్పుడు వాఫిద్. టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. 'ముందు ప్రైవేటుగా ఒకసారి చూపించుకో' అని ఏజెంటు ఒకటి తీయిస్తాడు, అసలు సెంటర్‌లో ఒకటి, అక్కడ దిగాక ఇకామా కోసం ఇంకోటి. మూడూ కలిపినా డోసు చిన్నదే, కంగారు అక్కర్లేదు. కాకపోతే ఫ్యామిలీ వీసా మీద వెళ్లే ఆడవాళ్లు గర్భం సంగతి ముందే చెప్పి ఏర్పాటు అడగాలి. వరుసలో పదిమంది తర్వాత పదిమందిని నిలబెట్టే చోట అడుగుతారన్న నమ్మకం పెట్టుకోకూడదు.

తావీజు, పిన్ను, జడ

మళ్లీ తీయాల్సి వచ్చిన ప్రతి ఎక్స్‌రే రెట్టింపు డోసే. చాలాసార్లు దానికి కారణం మనమే. మెడలో తావీజు వెండిదో రాగిదో అయితే ఛాతీ ఎక్స్‌రేలో తెల్లగా గుండె మీదే పడుతుంది. హిజాబ్ పిన్నులు, బురఖా మీది రాళ్లు, జర్దోసీ పని, లోదుస్తుల హుక్కులు, అన్నీ కనిపిస్తాయి. ఒత్తైన జడ భుజం మీంచి ముందుకు పడితే ఊపిరితిత్తిలో మచ్చలా కనిపిస్తుంది. మగ టెక్నీషియన్ తీయమని చెప్పడానికి మొహమాటపడతాడు, బురఖా మీదే తీసేస్తాడు, డాక్టరు వెనక్కి పంపుతాడు. మామూలు నూలు కమీజు, ప్లాస్టిక్ గుండీలతో లోపల వేసుకుని వెళ్తే బట్టలు విప్పే అవసరమే రాదు. మహిళా టెక్నీషియన్ ఉన్నారా, లేకపోతే గౌను, మహిళా సహాయకురాలు ఉన్నారా అని కౌంటరు దగ్గరే అడగొచ్చు. పరదా గురించి అడగడంలో తప్పేమీ లేదు, మంచి సెంటర్లు అలాంటి అడుగుళ్లకు అలవాటు పడ్డవే.

పిల్లవాణ్ణి పట్టుకోవాల్సి వస్తే గర్భం అవకాశం లేనివాళ్లు పట్టుకోవాలి. అబ్బా ఉంటే అబ్బానే. ఆప్రాన్ అడిగి వేసుకోండి. రోజూ అదే సిబ్బంది పట్టుకోవడం నియమాలకు విరుద్ధం, ఎందుకంటే మనకు ఒకసారి, వాళ్లకు ఏడాదికి కొన్ని వందలసార్లు.

ఒక సంగతి మారింది, తెలుసుకోవాలి. ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి పొత్తికడుపు మీద సీసం ముక్క కప్పడం ఒకప్పుడు జాగ్రత్తకు గుర్తు. అది పెద్దగా ఉపయోగపడదని, ఒక్కోసారి చూడాల్సిన భాగాన్నే కప్పేస్తుందని, తనంతట తాను డోసు సర్దుకునే మిషన్లలో డోసును పెంచేస్తుందని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లో చెప్పింది. అక్కడ చాలా ఆసుపత్రులు మానేశాయి. మన దగ్గర గదిలో రక్షణ సామగ్రి ఉండాలన్న నియమం ఉంది. కాబట్టి కప్పలేదని వెంటనే నిర్లక్ష్యం అనుకోవద్దు, కప్పారని అంతా బాగుందనుకోవద్దు. కిరణం పడే మేర ఎంత చిన్నగా పెట్టారన్నది దానికంటే పెద్ద విషయం. మీ ఒంటి మీద పడే ఆ చతురస్రపు వెలుతురును మీరూ చూడొచ్చు.

'స్కాను రాయండి డాక్టర్ సాబ్' అని ఒత్తిడి చేయడం ఇంకో వైపు. రాయని డాక్టరు చేతకానివాడని వేరే చోటికి వెళ్తాం. పాత ఫిల్ములు, సీడీలు ఇంట్లో పారేసి కొత్త ఊళ్లో మళ్లీ మొదటి నుంచి తీయిస్తాం. ఒక కవరులో తేదీ వేసి దాచుకుంటే, రోగికి లేదన్న ఆ పాస్‌బుక్కు అదే అవుతుంది.

ఈ కోర్సులో చేరే మన అమ్మాయిలు

రేడియోగ్రాఫర్లకు దేశంలో చాలా ఏళ్లు ప్రత్యేక కౌన్సిల్ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఇమేజింగ్ టెక్నాలజిస్టులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ తర్వాత ఈ కోర్సుల్లో చేరే ముస్లిం అమ్మాయిలు ఉన్నారు. మన ఆడవాళ్లు పరదాతో నిశ్చింతగా ఎక్స్‌రే తీయించుకోవాలంటే అలాంటివాళ్లు ఇంకా కావాలి. ఇంట్లో మొదటి అభ్యంతరం 'రేపు పెళ్లయ్యాక ఎలా?' అన్నదే.

గర్భం ఉందని తెలిసిన వెంటనే ఆ ఉద్యోగి యజమానికి తెలపాలి. తెలిపిన దగ్గరి నుంచి కాన్పు వరకు కడుపులో బిడ్డకు పడే డోసు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చి ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. పోర్టబుల్ డ్యూటీ, క్యాథ్ ల్యాబ్, ఫ్లోరోస్కోపీ నుంచి తప్పించి గోడ వెనక కంట్రోల్ ప్యానెల్ పని, రిజిస్టరు పని, అల్ట్రాసౌండ్, ఎమ్మారై విభాగాల పని ఇవ్వొచ్చు. గర్భం చెప్పినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలకు విరుద్ధం. చెప్పడం నోటితో కాకుండా రాతపూర్వకంగా, తేదీతో, ఒక కాపీ తన దగ్గర ఉంచుకుని చెప్పాలి. బ్యాడ్జి ఆ నెలల్లో ఒక్క రోజు కూడా సొరుగులో ఉండకూడదు.